వాన వెలిశాక కారు చేసే చప్పుళ్ళు

నాలుగు రోజులు ముసురు పట్టి వెలిసిన తరువాత, ఉదయాన్నే కారు కదపగానే చక్రాల దగ్గర గరగరమని చప్పుడు వస్తే ఇంట్లో అందరి ముఖాలూ చిన్నబోతాయి. "మళ్ళీ ఎంత ఖర్చు పెట్టిస్తుందో" అన్నదే మొదటి మాట. మా ఇంట్లోనూ అంతే. మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు మేము నేరుగా షెడ్డుకు తీసుకువెళ్ళి, చక్రాలు విప్పించి, ఇంకా బాగున్న బ్రేకు ప్యాడ్లను మార్పించుకుని వచ్చాము. అది వట్టి తుప్పు చప్పుడని ఆ తరువాత తెలిసింది.

బ్రేకు డిస్కు పోత ఇనుముతో చేసినది. ప్యాడ్లు పట్టే చోట దానికి రంగు ఉండదు, నూనె రాయనే కూడదు. రాత్రంతా తడిగా నిలబడితే తెల్లవారేసరికి పైన పలుచగా ఎర్రని తుప్పు పడుతుంది. బండి కదిలాక నెమ్మదిగా నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి, చప్పుడు పోతుంది. పైసా ఖర్చు లేదు. అలాగే తడి బండిని హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే వెనక డ్రమ్ములో షూలు అంటుకుపోయి, మరునాడు కదిలించేటప్పుడు టక్కుమంటుంది. చదునైన చోట గేరులో ఉంచి, చక్రానికి ఒక రాయి అడ్డం పెట్టుకుంటే ఆ బాధ లేదు.

ఇంతవరకు బాగానే ఉంది. కాని వాన చప్పుళ్ళన్నీ వాటంతట అవే పోతాయని మేము ఒక సిద్ధాంతం చేసుకున్నాము చూడండి, అక్కడ దెబ్బ తిన్నాము.

మరుసటి ఏడు వర్షాల్లో మా ఊరి వాగు చప్టా మీద మోకాలి లోతు నీళ్ళలో నుండి కారు దాటించాము. అప్పుడేమీ కాలేదు. రెండు వారాల తరువాత వేగం పెరిగినప్పుడల్లా ముందు వైపు నుండి తుమ్మెద మూగినట్లు గుయ్యిమని మోత మొదలైంది. "తడికి వచ్చిందిలే, ఎండ కాస్తే పోతుంది" అనుకున్నాము. ఎండలు వచ్చాయి. మోత పోకపోగా, వెనక సీట్లో కూర్చున్నవారు గొంతు పెంచి మాట్లాడవలసి వచ్చింది. అయినా మాకు బుద్ధి రాలేదు.

మా అత్తగారిని కంటి ఆపరేషనుకు పట్నం తీసుకువెళ్ళే రోజున, సగం దారిలో స్టీరింగు వణికింది, కాలిన వాసన వచ్చింది. చింతచెట్టు కింద ఆపి చూస్తే ఒక చక్రం మధ్యభాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. పక్క ఊరి నుండి వచ్చిన మెకానిక్ జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. వదులు పంటిలా కదిలింది. "ఇన్నాళ్ళూ వినబడలేదా సార్? ఇంకొంత దూరం పోతే చక్రం పట్టేసేది" అన్నాడు. ఆ రోజు ఆపరేషను తప్పిపోయింది. అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండేది.

అతడు విప్పిన బేరింగులో గ్రీజు బురద నీటితో కలిసి పాడైపోయి ఉంది. నీళ్ళు సీలు దాటి లోపలికి పోతే బేరింగు అదే రోజున అరవదు. గ్రీజు చెడి, గుండ్లకు తుప్పు పట్టి, రోజులో వారాలో గడిచాక మోత మొదలవుతుంది. తుప్పు చప్పుడు ఉదయం వచ్చి కాసేపటికి తగ్గుతుంది; బేరింగు మోత ఆలస్యంగా వచ్చి రోజురోజుకూ పెరుగుతుంది. ఈ తేడా ముందే తెలిస్తే మాకు ఆ దారి మధ్య అవస్థ తప్పేది. ఖాళీ రోడ్డు మీద బండిని కొంచెం ఎడమకు తిప్పినప్పుడు మోత పెరిగితే సాధారణంగా కుడి చక్రాన్ని అనుమానించాలి, ఎందుకంటే బరువు అటు పడుతుంది. కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది.

చప్పుడు చక్రాలదో ఇంజనుదో తెలియకపోతే, బండి నిలిపి న్యూట్రల్‌లో ఉంచి ఆక్సిలరేటర్ నొక్కండి. నిలబడి ఉండగానే వినిపిస్తే అది ఇంజను వైపుది. తడి ఉదయాల్లో స్టార్టు చేయగానే కీచుమనేది చాలావరకు బెల్టే. రెండు నిమిషాల్లో ఆగిపోతే ఫరవాలేదు. రోజూ అరుస్తుంటే బిగువు, అరుగుదల చూపించాలి. కొందరు సబ్బు రుద్దుతారు, గ్రీజు పూస్తారు. ఆ పని చేయకండి, బెల్టు ఇంకా జారుతుంది.

ఉన్నట్టుండి రేకు గీసినట్లు కిర్రుమంటే డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉండవచ్చు. మెల్లగా కాస్త వెనక్కూ ముందుకూ నడిపితే ఒక్కోసారి రాలిపోతుంది. అయితే బ్రేకు వేసిన ప్రతిసారీ ఇనుము ఇనుమును గీసినట్లుండి, పదిసార్లు వేసినా తగ్గకపోతే, లేదా బండి ఒక పక్కకు లాగితే, అది తుప్పు కాదు. ప్యాడ్లు అరిగిపోయి ఉండవచ్చు. ఆ బండిలో పిల్లలను ఎక్కించకండి.

నీళ్ళు దాటిన వెంటనే బ్రేకులు సరిగా పట్టవు. నెమ్మదిగా పోతూ పెడల్ మీద తేలికగా కాలు ఆనించి ఉంచితే ఆ వేడికి ఆరతాయి. నీళ్ళ మధ్యలో ఇంజను ఆగిపోతే మాత్రం మళ్ళీ తాళం తిప్పవద్దు. సిలిండరులోకి నీళ్ళు చేరి ఉంటే, అవి గాలిలా నలగవు గనుక కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. నలుగురిని పిలిచి ఒడ్డుకు తోయించి, ఎయిర్ ఫిల్టరు తడిసిందో లేదో చూడండి. తడిసి ఉంటే తాడు కట్టి షెడ్డుకు లాగించుకుపోవడమే.