‘బయో’ సీసాకు అప్పు చేయొద్దు! మండలానికో బ్యాక్టీరియా కేంద్రం కావాలి!

మిర్చి రైతన్నలారా! పత్తి చేలో నడుం వంచే అక్కలారా! కౌలు రైతులారా!

నల్ల తామర పురుగును మర్చిపోయామా? 2021 చివర్లో పూతంతా నాశనం చేసింది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం... పచ్చటి తోటలు మన చేతులతోనే పీకేశాం. కొట్టని మందు లేదు. ‘బయో’ అన్న సీసా కూడా కొట్టాం. బిల్లు అడిగితే దుకాణం వాళ్లు చీటీ ముక్క చేతిలో పెట్టారు. ఖాతా పుస్తకంలో మాత్రం వడ్డీతో సహా రాసుకున్నారు!

ఆ సీసాలో ఏముంది? సూడోమోనాస్, బాసిల్లస్ అంటారు. మేలు చేసే బ్యాక్టీరియా. అది ప్రాణమున్న సరుకు! ద్రవ జీవన ఎరువైతే మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల కణాలు బతికుండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. మే నెల ఎండలో, రేకుల షెడ్డులో ఉడికిన సీసాలో ఎన్ని బతుకుతాయి? చచ్చిన బ్యాక్టీరియాకు డబ్బు కడుతున్నాం! కొందరైతే రసాయన మందే కలిపి పైన ‘బయో’ అని రాస్తున్నారు. ఆ విషం కాయలో మిగులుతుంది. ఎగుమతి సరుకులో అవశేషాలు బయటపడితే దెబ్బ ఎవరికి? యార్డులో టిక్కీల పక్కన నిలబడ్డ మనకే!

అసలు ఈ బ్యాక్టీరియా ఏం తిని పెరుగుతుంది? బియ్యం మిల్లు తవుడు. పప్పు మిల్లు నూక, పొట్టు. నూనె మిల్లు చెక్క. చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్. అన్నీ మన పంటల నుంచి వచ్చినవే! వాటిని నీళ్లలో కలిపి, బాగా ఉడికించి వేరే క్రిములను చంపాలి. చల్లారాక ల్యాబు నుంచి తెచ్చిన శుద్ధమైన కల్చర్ వేయాలి. గాలి ఆడిస్తూ 28-30 డిగ్రీల వేడిలో ఉంచితే రెండు మూడు రోజుల్లో కోట్లకు కోట్లు!

ఇది మనకు కొత్తా? జీవామృతం కలిపిన వాళ్లం కదా! 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను. కర్రతో తిప్పుతుంటే రెండో రోజుకు నురగ లేస్తుంది, పులిసిన వాసన కొడుతుంది. అదీ ఇదే పని. కాకపోతే అందులో ఏ బ్యాక్టీరియా ఎంతుందో తెలియదు. వేరుకుళ్లుకు సూడోమోనాస్ కావాలంటే కల్చర్ కావాలి, పరీక్ష కావాలి. ఒంటరి రైతు వల్ల ఏమవుతుంది?

నేర్పేవాళ్లు లేరా? హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రైతులకు ఈ తయారీ నేర్పుతోంది. గుంటూరు పక్కనే లాం వ్యవసాయ పరిశోధన ఫారం ఉంది. లేనిదల్లా మన మండలంలో ఒక ట్యాంకు, ఒక మైక్రోస్కోపు, వాటిని చూసుకునే మనిషి!

ఈ బ్యాక్టీరియా నల్ల తామరను ఒక్క దెబ్బతో చంపుతుందని మేం చెప్పం. అలా చెప్పేవాణ్ణి నమ్మొద్దు. నేల బాగుపడుతుంది, వేరు నిలబడుతుంది, మందుల ఖర్చు తగ్గుతుంది. మనకు అది చాలదా?

బిల్లు లేని సీసా ముట్టొద్దు! బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. అనుమానం వస్తే వ్యవసాయాధికారితో శాంపిల్ తీయించండి. వచ్చే గ్రామసభకు కౌలు రైతు, కూలి, డ్వాక్రా అక్క, అందరం పోదాం. మండలానికో కేంద్రం, డ్వాక్రా సంఘాల చేతికి తయారీ, ప్రతి బ్యాచ్‌కూ ల్యాబు పరీక్ష. తీర్మానం రాయించి సంతకాలు పెట్టేదాకా కుర్చీలోంచి లేవొద్దు! రండి!

ఇట్లు
మీ తోటి మిర్చి, పత్తి రైతులు