సరంగు చేతిలో చుక్కాని, ఓనరు చేతిలో సరంగు

నాలుగేళ్ల కిందట నేను యర్రగొండపాలెంలో అద్దె ఆటో తోలేవాణ్ణి. మిరపకోతల కాలం. తెల్లారుజామునే కూలోళ్లను ఎక్కించుకొని పల్నాడు వైపు పోవాల. ఆ రోజు పన్నెండు మంది ఆడోళ్లు ఎక్కారు. బ్రేకు రెండు రోజుల నుంచీ సరిగ్గా పట్టడంలే. ఓనరుకు ఫోన్ చేసి చెప్పినా. "ఈ పొద్దుకు నిదానంగా పోయిరారా, రేపు మెకానిక్కుకు చూపిద్దాం" అన్నాడు. పోకపోతే ఆ రోజు అద్దె నా నెత్తినే. తీసినా బండి.

త్రిపురాంతకం దాటినాక మలుపులో బర్రెలు అడ్డమొచ్చాయి. బ్రేకు తొక్కితే పట్టలా. బండి పక్కనున్న కాలవలోకి ఒరిగింది. ఎవరి ప్రాణమూ పోలా. ఒక పెద్దమ్మకు చెయ్యి విరిగింది. ఆ కోతల కాలమంతా ఆమెకు కూలి లేదు. ఆమె నన్ను తిట్టలా. "నీకు ముందే తెలుసా నాయనా?" అని మాత్రం అడిగింది. నేను తలొంచుకున్నా.

పడవ మునిగిందనో, ఓడ మునిగిందనో యాడ విన్నా నాకా ప్రశ్నే గుర్తొస్తాది. నడిపేటోడికి ముందే తెలుసా? తెలిస్తే ఎందుకు కదిలించాడు?

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. గోదావరిలో వరద సుమారు 5 లక్షల క్యూసెక్కులు ఉండాది. గండి పోచమ్మ గుడికాణ్ణించి పాపికొండలు చూపిస్తామని 'రాయల్ వశిష్ట పున్నమి' బోటు బయల్దేరింది. కచ్చులూరు దగ్గర సుడుల్లో తిరగబడింది. ఊరోళ్లు నాటుపడవలేసుకొని పోయి దొరికినోళ్లను ఒడ్డుకు చేర్చారు. 26 మంది బతికారు. యాభై మంది దాకా పోయారు. బోటు నడిపినోళ్లు కూడా ఆ నీళ్లల్లోనే పోయారు. బోటును పైకి తీయడానికి నెల దాటింది.

మన జిల్లాకు అంతకు రెండేళ్ల ముందే ఆ దెబ్బ తగిలింది. 2017 నవంబర్ 12. కార్తీకమాసం, అదీ ఆదివారమే. ఒంగోలు నుంచి పోయినోళ్లు కృష్ణలో బోటెక్కి పవిత్ర సంగమం హారతి చూడబోయారు. ఇబ్రహీంపట్నం దగ్గర ఆ బోటు బోల్తాపడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. అది అనుమతి లేని ప్రైవేటు బోటు. ఎక్కినోళ్లకు లైఫ్ జాకెట్లు ఇయ్యలా.

రెండూ ఆదివారాలే, చూడండి. జనం వచ్చి నిలబడ్డారు, డబ్బులు కట్టారు. బోటు కదిలితేనే ఆ పూట ఆదాయం. అట్టాంటప్పుడు "ఈ రోజు వద్దు" అనే మాట అనేదెవరు?

సముద్రం మీద ఓడలకు దీనికో చట్టముండాది. సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం అయిదో అధ్యాయంలో 34-1 నిబంధన. ప్రాణరక్షణ కోసం కెప్టెన్ తీసుకునే నిర్ణయానికి ఓనరు గానీ, ఓడను అద్దెకు తీసుకున్నోడు గానీ, కంపెనీ గానీ అడ్డం రాకూడదని అందులో రాసుండారు. కాగితం మీద కెప్టెనే రాజు. మరి ఓడలెందుకు మునుగుతున్నాయి?

అమెరికా సరుకు ఓడ ఎల్ ఫారో కథ వినండి. 2015 సెప్టెంబర్ ఆఖర్లో ఫ్లోరిడా నుంచి ప్యూర్టోరికోకు బయల్దేరింది. ఎదురుగా జోక్విన్ తుపాను. రాత్రి డ్యూటీలో ఉన్న కింది అధికారులు కెప్టెన్‌కు ఫోన్ చేసి దారి మారిస్తే మేలన్నారు. ఆయన గంటల కిందటి వాతావరణ సమాచారం నమ్ముకొని పెద్దగా మార్చలా. అక్టోబర్ 1న ఓడ మునిగింది. 33 మందిలో ఒక్కరూ మిగల్లా. తుపాన్లోకి పొమ్మని కంపెనీ ఆర్డరేసినట్టు దర్యాప్తులో తేల్లా. నన్ను భయపెట్టేది అదే. ఒత్తిడంటే ఎవడో ఫోన్లో బెదిరించడమే కాదు. టైముకు చేరాలనే మాట బుర్రలో కూర్చుంటే చాలు, ఎవరూ చెప్పకుండానే మనం బండి తీస్తాం.

కొరియాలో సెవోల్ ఓడది ఇంకో రకం. 2014 ఏప్రిల్ 16న మునిగింది. 304 మంది పోయారు, ఎక్కువ మంది బడి పిల్లకాయలే. మోయాల్సిన దానికి రెట్టింపు పైగా సరుకెక్కించారు. కెప్టెన్ కాంట్రాక్టు మనిషి. పిల్లకాయలను లోపలే ఉండమని మైకులో చెప్పించి, ఆయన మాత్రం ముందే బయటపడ్డాడు. ఆయనకు యావజ్జీవం పడింది. తప్పు ఆయనదే, కాదనను. అయితే అంత సరుకెక్కిస్తుంటే ఆపే గట్టి ఉద్యోగం కూడా ఆయనకు లేదు.

మనకు సముద్రం లేకపోవచ్చు. గానీ మనూళ్ల కుర్రోళ్లలో చానామంది చేతిలో స్టీరింగ్ ఉండాది. ఆటో, బొలెరో, ట్రాక్టరు, దోర్నాల ఘాటెక్కే కారు. అందరం చిన్న కెప్టెన్లమే. ఈ నిర్ణయాలన్నీ మన ముందుకూ వస్తాయి.

అందుకే కొన్ని మాటలు. బండిలో లోపముంటే ఓనరుకు నోటితో చెప్పి ఊరుకోవద్దు, వాట్సాప్‌లో రాసి పెట్టండి. రేపు ఏదైనా జరిగితే ముందే చెప్పామనడానికి అదే సాక్ష్యం. ఓనర్లూ, బండి ఆగిన రోజు అద్దె మాఫీ చేయండి. ఆ ఒక్కరోజు అద్దె కోసమే నేను పన్నెండు మందిని కాలవలో పడేసినా. తలకింత అని కిరాయి మాట్లాడే మేస్త్రీలూ, తలలు పెరిగేకొద్దీ లాభం పెరిగే లెక్క మానండి. అధికారులు ప్రమాదం జరిగినాక కాదు, జనం ఎక్కే తావులోనే తనిఖీ చేయాల.

ఎక్కేవాళ్లకూ ఓ మాట. డ్రైవరు "ఇంక పట్టరు, దిగండి" అంటే వాణ్ణి తిట్టి వెనకాల బండెక్కబాకండి. వద్దన్నోడికి గిరాకీ పోయి, సరేనన్నోడికి గిరాకీ దొరికితే రేపట్నుంచి వద్దనేవాడే ఉండడు.

ఆ పెద్దమ్మ ఇప్పటికీ సంతలో కనపడతాది. చెయ్యి పూర్తిగా పైకి లేవదు. మొన్న పోయి చెప్పినా, ముందే తెలుసమ్మా అని. "నాకూ తెలుసులే నాయనా" అనింది.