నంబరు పలక మీదనా భాషాభిమానం?

విజయవాడ బెంజి సర్కిల్ వద్ద కాసేపు నిలబడితే చాలు, నంబరు పలకల మీద మనవారి చిత్రకవిత్వమంతా దర్శనమిస్తుంది. కొందరు 8055 అంకెలను వంకరలు తిప్పి ఇంగ్లీషు ‘బాస్’ అనిపిస్తారు. మరికొందరు తెలుగు అంకెలు రాయించుకొని అది భాషాసేవ అంటారు. మొదటివారిని నిందించి రెండవవారిని మెచ్చుకొనే మిత్రులకు ఈ నాలుగు మాటలు. ఏళ్ళ తరబడి బడిలో తెలుగు చెప్పినవాడిగానే అంటున్నాను: ఇద్దరిదీ ఒకటే తప్పు.

అమెరికాలో మనవారు అనుమతి పొంది నచ్చిన పదాన్నే పలక మీద వేయించుకోవచ్చు. కాలిఫోర్నియాలో కారుకు ఏడు అక్షరాలు మించరాదు. మన దేశంలో అలా కుదరదు. రుసుము కట్టి నచ్చిన నంబరు కోరవచ్చు, పోటీ ఉంటే వేలం పాడవచ్చు. మన ఇష్టం అంతవరకే. అక్షరాలు ఇంగ్లీషులో, అంకెలు అరబిక్ అంకెలలో ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. కారు పలక మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, మందం 10.

‘‘తెలుగునేల మీద తెలుగెందుకు వద్దు?’’ అంటారు. అయ్యా, ఆ పలక యజమాని కోసం కాదు. బండి గుద్ది పారిపోతే, రోడ్డున పడినవాడి కోసం, చూసినవాడి కోసం. కోల్‌కతా నుంచి చెన్నైకి పోయే జాతీయ రహదారి మన ఊరి మీదుగానే పోతుంది. బెంగాలీ లిపిలో నాలుగు మన కంటికి ఎనిమిదిలా, ఏడు తొమ్మిదిలా కనబడుతుంది. హనుమాన్ జంక్షన్ దగ్గర అటువంటి పలక ఉన్న లారీ ఎవరినైనా గుద్దిపోతే పోలీసులకు ఏ నంబరు చెబుతాం? మన లిపికి అడిగే హక్కు వారి లిపికీ ఇవ్వాలి కదా! అంతదాకా ఎందుకు, ౪ ఏదో ౫ ఏదో తడుముకోకుండా చెప్పగల తెలుగువారు ఎందరు?

పైగా అరబిక్ అంకెలంటున్నవి మనకు పరాయివి కావు. ఈ దేశాన పుట్టి అరబ్బుల ద్వారా లోకమంతా వ్యాపించినవే. రాజ్యాంగం 343వ అధికరణం వాటిని భారతీయ అంకెల అంతర్జాతీయ రూపమనే పేర్కొంది.

తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది. అభిమానముంటే రిజిస్ట్రేషను కార్డు మీద తెలుగు కోసం పోరాడండి. ఈ నియమాలన్నీ చక్కని తెలుగులో ప్రతి రవాణా కార్యాలయం గోడ మీదా ఉండాలని అడగండి. మీ సొంత లారీ వెనుక తలుపు మీద కందపద్యమే రాయించండి, సంతోషిస్తాను. నంబరు పలకను మాత్రం గాయపడినవాడికి వదిలిపెట్టండి.

కాదనేవారు కారణాలతో రండి, వాదిద్దాం.