కవచములోని పగులు

1895లో రాంట్జెను ఎక్స్-కిరణములను కనుగొనెను. తొమ్మిదేండ్లు నిండకమునుపే, 1904లో, ఎడిసను ప్రయోగశాలలో వానితో పనిచేసిన క్లారెన్సు డాలీ ఆ కిరణముల దెబ్బకే క్యాన్సరుపాలై మరణించెను. అట్టి ప్రాణనష్టములు నేర్పిన పాఠమే నేడు ఎక్స్-కిరణపు గదులలో పనివారు తొడుగు రబ్బరు కవచము.

రబ్బరొక్కటియే ఈ కిరణముల నాపజాలదు. సీసపు పొడి కలిపిననే ఆపును. పొడి పాలు పెరిగినకొలది రక్షణ హెచ్చును. కాని సాగుదల తగ్గి, బరువు పెరిగి, మడిచినచోట పగులు పుట్టును. రబ్బరు మిశ్రమముల ధర్మమే యిట్టిది. బొగ్గుమసి టైరునకు దార్ఢ్యము నిచ్చును; పాలు మించెనా, విద్యుత్తు నడ్డగింపవలసిన రబ్బరే దానికి త్రోవ యిచ్చును. ఒక గుణమును కొన్నవాడు మఱియొక గుణమును వెలగా చెల్లింపవలసినదే.

కావున కవచమును కొనుటతో ఆస్పత్రి యజమానుల బాధ్యత తీరదు. దానిని మడిచి కుర్చీపై పడవేయుట పలుచోట్ల చూచుచున్నాము. పైగుడ్డ చెక్కుచెదరకున్నను లోన పగులు దాగియుండవచ్చును. ఆ పగులు వెనుక దినదినము నిలుచువాడు స్వల్పవేతనముపై బ్రతుకు పనివాడు. పరీక్షకు వ్యయమగునందురా? పగులును పట్టియిచ్చు యంత్రము ఆ గదిలోనే యున్నది! కొఱవడినది ధనము కాదు, శ్రద్ధ.

సీసమునకు మారుగా బిస్మతు, టంగ్‌స్టను పొడులు కలిపిన తేలిక కవచములు వచ్చినవి. 1955లోనే కొట్టాయమున రబ్బరు పరిశోధనసంస్థను నెలకొల్పుకొన్న దేశమునకు వీనిని చౌకగ ప్రతి ఆస్పత్రికి అందించుట అసాధ్యము కాదు. అందాక ఉన్న కవచమును మడువక వ్రేలాడదీయుడు. ఏటేట పరీక్షించి, ఆ తేదీని దానిపైననే వ్రాయుడు. తేదీ లేని కవచమును తొడుగ నిరాకరించుట పనివాని హక్కు కావలెనని మేము నొక్కి చెప్పుచున్నాము.