సోమరి అన్నది ఎవరిని?

ఈసారి ఒక పిల్లి పక్షాన వకాల్తా పుచ్చుకున్నాను. ముద్దాయి నివాసం సంగంలో మా బాబాయి గారిల్లు. నేరం నిద్ర. శిక్ష, గోతంలో కట్టి పెన్న అవతల విడిచిరావడం. 2022 సెప్టెంబరులో బ్యారేజీ ప్రారంభమైన పిదప పొదలకూరు దిక్కుకు దాని మీదనే దారి. మోటారు సైకిలు ఉంటే చిటికెలో పని. సౌకర్యంతో పాటు దయ కూడా పెరుగుతుందని ఎవరూ పూచీ పడలేదు కదా!

అభియోగాలు వినండి. పగలంతా వసారాలో వడ్లబస్తాల మీద నాలుగు కాళ్ళూ పైకెత్తి వెల్లకిలా పడి ఉంటుంది. ఈగ వాలితే తోక కదులుతుంది, పిల్లి కదలదు. (ఆ తోకకు వేరే యజమాని ఉన్నాడేమోనని నా అనుమానం.) ఒళ్ళు నాకుకుంటూ మధ్యలో నాలుక కొస లోనికి తీసుకోవడం మరచి, అలాగే నిద్రపోతుంది. దానికోసం పరచిన దుప్పటిని ముట్టదు గాని, చుట్టాల సంచి తెరచి ఉంటే అందులోనే కాపురం.

ఇవన్నీ నిజాలే. ఒక్కటీ నేరం కాదు.

పిల్లి పొంచి ఉండి దూకే జంతువు. ఆ ఒక్క దూకుడుకు కావలసిన బలాన్ని దాచుకోవడానికే రోజులో సగానికి పైగా నిద్రపోతుంది. దాని వేట ముఖ్యంగా మునిమాపున, తెల్లవారుజామున. బాబాయి చూసేది మిట్టమధ్యాహ్నం! ఇక కడుపు చూపి పడుకోవడమంటే తన ఒంటిలోని అతి మెత్తని చోటును మన ఎదుట కాపలా లేకుండా వదిలివేయడం. అది సోమరితనం కాదు, నమ్మకం. 2020లో ససెక్స్ విశ్వవిద్యాలయం వారు ప్రచురించిన ఒక అధ్యయనంలో, యజమాని మెల్లగా కళ్ళు మూసి తెరిస్తే పిల్లులు కూడా అలాగే బదులిచ్చాయని తేలింది. మన భాషలో మాత్రం కళ్ళు మూసుకున్న పిల్లి పాలదొంగ.

మన సాహిత్యానికీ ఇందులో పాలున్నది. ఉదయగిరి దుర్గాన్ని 1514లో గజపతుల నుండి గెలుచుకున్న కృష్ణదేవరాయల పేరుతో చెప్పుకునే తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మనమందరం విన్నదే. మూతి కాలిన పిల్లి పాలను చూసి పరుగెత్తితే రాజు నవ్వాడు, మనమూ నవ్వాము. మరుగుతున్న పాలలో ఒక నోరులేని జీవి మూతి పెట్టించడాన్ని చమత్కారమని తరతరాలుగా పిల్లలకు నేర్పుతున్నాము. పైగా ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు సరిగా అరగవు కూడా.

ఇదే జాతిని చూసి తెంగలై వైష్ణవులు శరణాగతికి ఉపమానం తీసుకున్నారు. తల్లి నోట కరచుకుంటే ఒళ్ళు పూర్తిగా వదిలివేసే పిల్లికూన, అదే మార్జాల కిశోర న్యాయం. ప్రవచనంలో విన్నప్పుడు తల ఊపే పెద్దలు, అదే వదిలివేత వసారాలో కనబడితే గోతం వెదుకుతారు!

సరే, అది ఎలుకను పట్టదనే ఒప్పుకుందాము. ఇంటి అన్నానికి అలవాటు పడినదాన్ని ఊరుకాని ఊరి పొలాల్లో, కుక్కల మధ్య వదలడం వదలడమా, చంపడమా? జంతువులు ఆకలిదప్పులకు లోనయ్యేలా విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకు ఆ చట్టంలో వ్రాసిన జరిమానా పది నుండి యాభై రూపాయలు. గోతం ఖరీదు అంతకన్నా ఎక్కువేమో.

ఇదంతా ఫోనులో విన్నవించాను. బాబాయి సాంతం విని, "ఏందబ్బయ్యా, అంత ప్రేముంటే నువ్వే తోలుకుపోరాదా?" అన్నారు. నాది అద్దె ఇల్లు, జంతువులు కూడదన్నది మా ఇంటాయన షరతు. ఆ మాటకు నా వద్ద జవాబు లేదు. ఆదివారం దాకా గడువు అడిగాను. నెల్లూరు, ఆత్మకూరు ప్రాంతాల మిత్రులలో ఎవరికైనా వసారా ఉంటే చెప్పండి. వడ్లబస్తాలు లేకపోయినా సర్దుకుంటుంది.