పిలుపులోని కులం

జగ్గయ్యపేట పక్కనే ఉన్న ధనంబోడు మీద ఒకప్పుడు బౌద్ధ మహాచైత్యం వెలిగింది. దాని తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలిపిన దాత సిద్ధార్థుడనే చేతివృత్తికారుడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనా సంవత్సరంలో చెక్కిన ప్రాకృత శాసనం అతని పేరును, తండ్రి పేరును, ఊరి పేరును నేటికీ చెబుతోంది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక పనివాడు తన పేరును రాతి మీద నిలుపుకోగలిగిన నేల ఇది. తరవాతి కాలంలో ఇదే నేల మీద పనిచేసే మనిషికి సొంత పేరుతో గౌరవంగా పిలిపించుకునే హక్కు సైతం కరవైంది.

మాటకు మనుషులను కదిలించే శక్తి ఉందని సభల్లో తరచూ వింటాం. ఆ శక్తి రెండువైపులా పదునున్నది. మనిషిని కులానికి కట్టి ఉంచిన తాళ్లలో పిలుపు కూడా ఒకటి. అందుకే కుల వ్యతిరేక పోరాటం తెలుగునాట పేరు దగ్గరే మొదలైంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాజన సభ జరిగింది. ఇతరులు తగిలించిన ‘పంచమ’ అనే పేరును అక్కడ చేరినవారు కాదన్నారు. తాము ఈ నేలకు మొదటి మనుషులమని చెబుతూ ‘ఆది ఆంధ్రులు’ అనే పేరును ఎన్నుకున్నారు. అయిదేళ్లకు మద్రాసు ప్రభుత్వం ఆ పేరును అధికారికంగా అంగీకరించింది. ఆ ఒక్క మాటతో భూమి రాలేదు, బావి నీళ్లూ అందలేదు. కానీ అవి తమ హక్కులని అడగగల మనిషి ఆ మాటతో లేచి నిలబడ్డాడు.

నందిగామ దాటి విజయవాడ దారి పట్టగానే వచ్చే కంచికచర్లలో 1968లో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం మోపి సజీవదహనం చేశారు. పార్లమెంటులో చర్చ జరిగింది, పత్రికలు రాశాయి, కొన్నాళ్లకు అంతా చల్లబడింది. కోటేశు పేరును చల్లారనివ్వనిది సాహిత్యం. అదే కంచికచర్లలో పుట్టిన కలేకూరి ప్రసాద్ ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ అనే కవిత రాశారు. అందులో మాట్లాడే గొంతు తనను తాను కోటేశుగానే పరిచయం చేసుకుంటుంది. పోలీసు కాగితాల్లో మిగిలిపోవలసిన మృతుడు తరతరాల యువకుల నోట తమవాడయ్యాడు. సిద్ధార్థుని పేరును రాయి కాపాడితే, కోటేశు పేరును కవిత కాపాడింది.

అయితే మాట ఒంటరిగా ఏ దౌర్జన్యాన్నీ ఆపలేదు. కోటేశు తరవాత 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగాయి. కారంచేడు దుఃఖం నుంచి బొజ్జా తారకం, కత్తి పద్మారావుల నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. అక్షరానికి సంఘం తోడైనప్పుడే అది ప్రభుత్వాల చెవికెక్కింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కులం పేరుతో నలుగురిలో అవమానించడాన్ని నేరంగా గుర్తించింది. మాట కూడా గాయం చేస్తుందని చట్టం ఒప్పుకున్నట్టే. కానీ నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనిచోట అన్న మాట ఆ సెక్షన్ కిందకు రాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ హద్దుకు అవతల జరిగేదానికి బాధ్యత సమాజానిదే.

అవతల జరుగుతున్నదేమిటో మెట్ట గ్రామాల మిరప చేలల్లో, పత్తి చేలల్లో వినవచ్చు. అరవై ఏళ్ల కూలీని ఆసామి కొడుకు ‘ఒరే’ అంటాడు. తల్లి వయసున్న మనిషిని ‘ఏమే’ అంటాడు. అవతలి నుంచి ‘అయ్యగారూ’ అన్న జవాబే వస్తుంది. ఇందులో కులం పేరు వినిపించదు, కేసూ పెట్టలేరు. అయినా ఎవరు ఎక్కడ నిలబడాలో ఆ రెండక్షరాలే రోజూ గుర్తుచేస్తుంటాయి. కూలి రేటు గురించి, కౌలు గురించి, ఊరి ఉమ్మడి స్థలం గురించి సమానంగా మాట్లాడవలసిన గొంతును ముందుగా నొక్కేది ఆ పిలుపే. దాన్ని చిన్న విషయంగా కొట్టిపారేసేవారు తమ తండ్రిని ఎవరైనా అలా పిలిస్తే ఊరుకుంటారా?

నందిగామ, జగ్గయ్యపేట కళాశాలల్లో చదివే విద్యార్థులు చేయగలిగిన పనులు రెండున్నాయి. ఇంట్లో, పొలంలో, హాస్టల్ వంటగదిలో పనిచేసే ప్రతి పెద్దవారినీ వరుసపెట్టి, ‘మీరు’ అని పిలవడం మొదటిది. ముందు నవ్వేది సొంత ఇంటివారే కావచ్చు, ఆ నవ్వును తట్టుకోవాలి. తమ ఊరి పాలేర్ల, కూలీల జీవితాలను వారి పూర్తి పేర్లతో, వారి నోటి మాటల్లోనే రాసిపెట్టడం రెండోది. ఈ ప్రాంతంలో ఒక పనివాడి పేరు పదిహేడు వందల ఏళ్లు నిలిచింది. ఈనాటి పనివారి పేర్లు కనీసం వారి మనవల దాకానైనా నిలవాలి.