కంటి మీద గీత – చిన్నదని వదలకండి

చింతపల్లి కొండలలో నవంబరు, డిసెంబరు నెలలు వచ్చాయంటే ఎవరి చేతికీ తీరిక ఉండదు. ఒకవైపు వరి కోతలు, మరొకవైపు కాఫీ పండ్ల ఏరివేత. వంచిన కొమ్మ చేయి జారి కంటికి తగులుతుంది. నూర్పిడిలో వరి పొట్టు ఎగిరి కంటిలో పడుతుంది. ఇంటి దగ్గర చంటిబిడ్డ గోరు తల్లి కంటికి గీరుకుంటుంది. "ఏముందిలే, నలుసు పడింది" అని కొంగుతో నులుముకొని మళ్లీ పనిలో పడతాము. ఆ నులుముకోవడమే మొదటి పొరపాటు.

నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలాగా ఒక స్వచ్ఛమైన పొర ఉంటుంది. దీనిని కార్నియా అంటారు. దీని మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. ఇందులో నరాల కొసలు చాలా ఎక్కువ. అందుకే చిన్న గీత పడినా విపరీతమైన నొప్పి, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం, కంటిలో ఇసుక ఉన్నట్లు అనిపించడం జరుగుతాయి.

సంతోషకరమైన సంగతి ఏమంటే, చిన్న గీత సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులలో మానిపోతుంది. ప్రమాదం గీతలో లేదు, దానిగుండా లోపలికి పోయే క్రిములలో ఉంది. ముఖ్యంగా ఆకులు, గడ్డి, వరి పొట్టు మీద బూజు ఉంటుంది. అది నాటుకుంటే కొన్ని రోజుల తరువాత నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. పుండు మానినా తెల్లని మచ్చ మిగిలి చూపు పోవచ్చు. పెద్దలు "పువ్వు వేసింది" అనేది దీనినే.

మరి ఏమి చేయాలి?

చేతులు సబ్బుతో కడుక్కొని, కాచి చల్లార్చిన నీటిని కంటిలో ధారగా పోస్తూ రెప్పలు ఆడించండి. నలుసు పోయినా, పోకపోయినా, నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ముల్లు గాని ఇనుప రజను గాని గుచ్చుకొని ఉంటే లాగవద్దు, కంటిని నొక్కవద్దు. డాక్టరు నారింజ రంగు మందు వేసి నీలి వెలుతురులో చూస్తారు. గీత ఉన్నచోట పచ్చగా మెరుస్తుంది. ఆ తరువాత ఇచ్చే యాంటీబయాటిక్ చుక్కలు లేక ఆయింట్‌మెంటు చెప్పినన్ని రోజులు వాడాలి.

ఏమి చేయరాదు?

చనుబాలు, ఆకు పసరు, ఆముదం, తేనె కంటిలో వేయరాదు. నాలుకతో నలుసు తీయించుకోరాదు. కొమ్మ, ఆకు తగిలిన కంటికి గుడ్డతో కట్టు కట్టరాదు. మందుల షాపులో అడిగి స్టీరాయిడ్ చుక్కలు వేసుకోరాదు. అవి ఎరుపును తగ్గించి, లోపల బూజును పెంచుతాయి. నొప్పి తెలియకుండా చేసే మత్తు చుక్కలు ఇంటిలో వాడితే గీత మానదు.

తొందరపడడం ఎంత మేలో నేపాల్ దేశపు భక్తపూర్ జిల్లాలో రుజువైంది. అక్కడ గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, గీత పడిన 442 మందికి క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటును రోజుకు 3 సార్లు, 3 రోజులు వేశారు. 424 మందికి పుండు పడకుండా మానింది. 18 గంటలలోపు మందు మొదలుపెట్టిన వారిలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. ఈ ఫలితాలు 2001లో ప్రచురించబడ్డాయి. పెద్ద డాక్టర్లు, పెద్ద యంత్రాలు కాదు, సకాలంలో వేసిన చవకైన మందే ఆ కళ్లను కాపాడింది.

మూడు రోజులకు తగ్గకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ గాని చీము గాని కనిపించినా ఇక ఒక్క పూట కూడా ఆగవద్దు. పాడేరు లేదా నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, విశాఖపట్నం ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో గాని చూపించండి.

బస్సు ఛార్జీకి, ఒకరోజు కూలికి వెనుకాడి కన్ను పోగొట్టుకుంటే ఆ నష్టం ఏ పంటా పూడ్చలేదు. కోతలు మొదలు కాకముందే, ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, ఈ నాలుగు మాటలు చదువు రాని మన పెద్దలకు చదివి వినిపించండి.